పల్లి రైతు మీద డాలర్ల సాక్ష్యం

నాగర్‌కర్నూల్ యార్డుకు యాసంగి పల్లి తెచ్చిన రైతును ధర ఎందుకు పడిందని అడగండి. వ్యాపారిని తిడతాడు, కాంటాను తిడతాడు, తేమ పేరుతో కోత పెట్టినవాణ్ణి తిడతాడు. చదువుకున్నవాళ్లం మనం మాత్రం ప్రపంచ వాణిజ్య సంస్థను నాలుగు మాటలని చేతులు దులుపుకుంటాం. ఆ తిట్టులో సగమే నిజం. మిగతా సగం చాటున ఢిల్లీ హాయిగా తలదాచుకుంటోంది.

ముందు నిజమైన సగం. రెండో ప్రపంచ యుద్ధానికి మన దగ్గర తీసుకున్న సరుకుల కింద బ్రిటన్ మనకు బాకీ పడింది. స్వాతంత్ర్యం నాటికి లండన్‌లో మన పేర ఉన్న స్టెర్లింగ్ నిల్వ దాదాపు 116 కోట్ల పౌండ్లు. సొమ్ము మనదే, తాళం వాళ్లది. విడతవారీగా బేరమాడి, వాళ్లు వదిలినంతే వాడుకున్నాం. ఆ ఏడే జెనీవాలో, ఇవాళ్టి వాణిజ్య సంస్థకు పునాది అయిన గాట్ ఒప్పందం మీద సంతకం పెట్టిన 23 దేశాల్లో మనమూ ఉన్నాం. విదేశీ మారకం చాలని పేద దేశం దిగుమతులకు పరిమితి పెట్టుకోవచ్చని 1954–55 సమీక్షలో 18వ అధికరణంలో స్పష్టంగా రాసుకున్నారు. 1991లో డాలర్లు అడుగంటి, దాదాపు 47 టన్నుల బంగారం తాకట్టుకు పంపాం.

ఆరేళ్లకే కథ మారింది. 1997 జూలైలో అమెరికా మన మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేసింది. 2,700కు పైగా రకాల సరుకుల మీద దిగుమతి పరిమితులు ఎత్తేయమంది. మనం తొమ్మిదేళ్లు గడువడిగి ఏడుకు దిగాం. యూరప్, జపాన్ ఆరేళ్లకు సరేనన్నాయి, అమెరికా ససేమిరా అంది. సాక్షిగా అంతర్జాతీయ ద్రవ్యనిధి వచ్చి, 1997 నవంబరు 21న ఇండియా దగ్గర 2,510 కోట్ల డాలర్లున్నాయి, 1,600 కోట్లుంటే చాలు అని చెప్పింది. 1999లో ప్యానెల్‌లోనూ ఓడాం, అప్పీలులోనూ ఓడాం. 2000లో 714 సరుకులకు, 2001 ఏప్రిల్ 1న మరో 715 సరుకులకు తలుపులు తెరిచాం. జెనీవాలో ఆ డాలర్లు లెక్కపెడుతున్న రోజుల్లో పాలమూరు లేబర్ ముంబయి బస్సులెక్కుతున్నారు. నిల్వ చాలినంత ఉందా అని అడిగారే గాని, ఎవరికి చాలినంత అని ఒక్కరూ అడగలేదు.

ఇక దాచిన సగం. వంటనూనెల దిగుమతికి ఆ తీర్పుతో పని లేదు. నూనెగింజల మిషన్ పుణ్యమా అని 1990ల మొదట్లో దాదాపు మన నూనె మనమే తీసుకుంటున్న దేశం, 1994లో పామోలిన్‌కు, మరుసటి ఏడు మిగతా చాలా నూనెలకు తానే గేటు తీసింది. పామాయిల్ మీద 300 శాతం దాకా సుంకం వేసుకునే హక్కు మనకు వాణిజ్య సంస్థలోనే ఉంది. అవును, మూడు వందలు. మన వేదికల మీద ఈ అంకె ఎందుకు వినపడదో! అయినా 1998లో, వాస్తవంగా వసూలు చేసే సుంకాన్ని 15 శాతానికి దించారు. 2008లో ముడి నూనెలకు సున్నా చేశారు. 2024 సెప్టెంబరులో 20కి పెంచి, 2025 మే 30న పదికి కోశారు. ఇవాళ ఏటా కోటిన్నర టన్నులకు పైగా నూనె ఓడల్లో దిగుతోంది. ఈ చేతులు వాషింగ్టన్‌వి కావు.

నూనె ధర మండితే పేదవాడికి తాళింపు ఎట్లా అంటారు. అది చూడాల్సింది ఖజానా. ఒకప్పుడు రేషన్ షాపులో పామాయిల్ ప్యాకెట్ ఇచ్చేవాళ్లు. దాన్ని ఆపేసి, పేదవాడి తాళింపు ఖర్చును వనపర్తి పల్లి రైతు ధరలోంచి రాబట్టడం ఏ న్యాయం? పైగా ఇప్పుడు వనపర్తి, గద్వాల చేలల్లో ఆయిల్‌పామ్ పెట్టమంటున్నారు. మొక్క కాపుకొచ్చేలోపు ఒక్క నోటిఫికేషన్‌తో దాన్ని మలేసియా ధరకు ఎర వేయరన్న పూచీ ఎవరిస్తారు?

పత్తినీ చూడండి. జూన్‌లో గింజ పెట్టేటప్పుడు దిగుమతి సుంకం 11 శాతం. 2025 ఆగస్టులో, ఇక్కడ చేలు పూత మీద ఉండగా దాన్ని ఎత్తేశారు. సెప్టెంబరు దాకానే అన్నారు, ఆనక డిసెంబరు 31 దాకా సాగదీశారు. అప్పటికే పెట్టుబడి మట్టిలో ఉంది. అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం మోపిన నెల కూడా ఆ ఆగస్టే. మిల్లుల కోసమని సర్కారు చెప్పింది. ఆ బేరంలో అచ్చంపేట రైతు మాట ఎవరన్నా ఎత్తారా? పత్తి అమ్ముకోవడానికి ఆయన్ను కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోమన్నారు, అంతే. నిల్వల్లేని రోజుల్లో అందరితో పాటు కటకట పడ్డాడు, నిల్వలు 60 వేల కోట్ల డాలర్లు దాటాక కూడా ఆయన వాటాకు ఈ స్లాటే వచ్చింది.

సుంకం ఎంతో విత్తనానికి ముందే గెజిట్‌లో అచ్చు వేయాలి. పత్తికి మే నెలలో, యాసంగి పల్లికి ఆగస్టులో. పంట చేలో ఉండగా కోస్తే, తక్‌పట్టీలో, అంటే అమ్మకం చీటీలో, పడిన ధరకూ మద్దతు ధరకూ ఉన్న తేడాను రైతు ఖాతాలో వేయాలి. నాగర్‌కర్నూల్ నుంచి లోక్‌సభకు వెళ్లినవాళ్లు ఈ రెండూ సభలో నిలబడి అడగాలి. అడిగేదాకా జెనీవా పేరెత్తే హక్కు ఏ పార్టీకీ లేదు.