వేగాస్‌కు కొసరు కాదు గ్రాండ్ కాన్యన్

అమెరికాలోని తెలుగు ఇళ్లలో గ్రాండ్ కాన్యన్ ప్రస్తావన వస్తే ఒక మాట ఖాయంగా వినిపిస్తుంది. ‘‘వేగాస్‌లో ఎలాగూ మూడు రోజులుంటాం, మధ్యలో ఒకరోజు వెళ్లొచ్చేద్దాం. అంచున నిలబడి చూడ్డమేగా, అంతకంటే అక్కడేముంది?’’ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు తిరిగి విమానం ఎక్కేలోగా అన్నీ చూపించాలన్న ఆరాటం ఒకవైపు, చేతిలో పదో పదిహేనో సెలవు రోజులు మరోవైపు. ఆ ఇబ్బంది నాకు తెలుసు. దానికి విరుగుడుగా చేతులు మారుతూ వస్తున్న ఈ ఒక్కరోజు ప్రణాళికను మాత్రం నేను ఒప్పుకోను.

ముందు లెక్క చూద్దాం. లాస్ వేగాస్ నుంచి నేషనల్ పార్కులోని సౌత్ రిమ్‌కు సుమారు 280 మైళ్లు. ఎక్కడా ఆగకపోయినా నాలుగున్నర గంటలు, రానూపోనూ తొమ్మిది. చలికాలంలో అరిజోనా గడియారం నెవాడా కంటే గంట ముందుంటుంది కాబట్టి వెళ్లేటప్పుడు ఇంకో గంట కరిగిపోతుంది. తెల్లవారకముందే పిల్లల్ని లేపి బయల్దేరినా, గ్యాస్ పోయించుకుని, తిని, గేటు దగ్గర వరుసలో నిలబడి లోపలికి వెళ్లేసరికి మధ్యాహ్నమవుతుంది. వేసవిలో కాన్యన్ చూడటానికి అంతకంటే పనికిరాని వేళ లేదు. సూర్యుడు నడినెత్తిన ఉంటే నీడలుండవు, నీడలు లేకపోతే లోతు తెలియదు. పది మైళ్ల అవతలి గోడా, కాళ్ల దగ్గరి గుట్టా ఒకే తెరమీద గీసినట్టుంటాయి. ఎరుపులన్నీ వెలిసిపోతాయి. పొద్దు వాలి రాళ్లు ఒక్కొక్కటిగా విడివడే సమయానికి ఈ కుటుంబం తిరుగుదారిలో ఉంటుంది. గండికోటలో పెన్నా లోయ అంచున సాయంత్రం దాకా కూర్చున్నవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

అంత దూరం వద్దనుకున్నవాళ్లు వెస్ట్ రిమ్‌కు వెళ్తారు. వేగాస్‌కు అది రెండు గంటల పైచిలుకు. 2007లో తెరిచిన గాజు వంతెన అక్కడే ఉంది. ఆ చోటు హువాలపాయ్ తెగ ప్రజల సొంత నేల, నేషనల్ పార్కులో భాగం కాదు. పార్కు పాస్ చెల్లదు, గాజు వంతెన మీదికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. వాళ్ల నేల, వాళ్ల జీవనోపాధి, వెళ్లడంలో తప్పేమీ లేదు. కానీ అది చూసి సౌత్ రిమ్ కూడా చూసేశామనుకుంటే పొరపాటు.

‘అక్కడేముంది’ అన్న ప్రశ్నే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. మీరు నిలబడే అంచు కైబాబ్ సున్నపురాయి, వయసు 27 కోట్ల ఏళ్లు. మైలుకు పైగా కింద, కొలరాడో నది ఒరుసుకుంటూ పోయే నల్లటి రాయి వయసు 170 కోట్ల ఏళ్ల పైమాటే. దాని పేరు విష్ణు శిస్ట్. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో ఇక్కడి శిఖరాలకు తూర్పుదేశాల దేవతల పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ వరసలో విష్ణు టెంపుల్, శివ టెంపుల్, బ్రహ్మ టెంపుల్, కృష్ణ ష్రైన్ మ్యాపులోకి ఎక్కాయి. విష్ణు టెంపుల్‌ను చూపించి పేరు చెబితే మన తల్లిదండ్రుల్లో ఎందరు ఆ శిఖరం ముందు నుంచి తొందరగా కదులుతారు? అది బాగా కనిపించేది తూర్పున డెజర్ట్ వ్యూ దారిలో. ఒక్కరోజు ప్రయాణంలో సమయం చాలక ముందుగా కొట్టేసేది ఆ దారినే.

ఇంకో సంగతి. లోపలి లోయ పైఅంచున టపీట్స్ ఇసుకరాయి పొర కింది నల్లరాయి మీద నేరుగా కూర్చున్న గీత పైనుంచే కనిపిస్తుంది. ఆ రెండు రాళ్ల మధ్య వంద కోట్ల ఏళ్లకు పైగా కాలానికి ఆనవాలే లేదు. ఆ గీతను గుర్తుపట్టడానికి చదువు అక్కర్లేదు, ఒక గంట కుదురుగా కూర్చుంటే చాలు. యావపాయ్ మ్యూజియం దగ్గర మొదలయ్యే ట్రెయిల్ ఆఫ్ టైమ్‌లో ఒక్కో మీటరు పది లక్షల ఏళ్లకు లెక్క. దారి పొడవునా కాన్యన్ రాళ్లనే వాటి వయసు ప్రకారం నిలబెట్టారు. రెండు కిలోమీటర్లు నిండకముందే విష్ణు శిస్ట్ దగ్గరికి చేరతారు. పదేళ్ల పిల్లకు భూమి వయసు ఇంతకంటే బాగా చెప్పే పాఠం నేనెక్కడా చూడలేదు.

‘‘పెద్దవాళ్లు నడవలేరండీ, అందుకే ఒక్కరోజు’’ అనేది మరో వాదన. మోకాళ్ల నొప్పులున్న మనిషిని ఒకే రోజులో తొమ్మిది గంటలు కారులో కూర్చోబెట్టడం ఏ రకం జాగ్రత్త? సౌత్ రిమ్ మీది ఊరి దగ్గర రిమ్ ట్రెయిల్ చాలా మేర చదునుగా, చక్కటి బాటగా ఉంటుంది. ఉచిత షటిల్ బస్సులున్నాయి, వాటిలో చక్రాల కుర్చీ ఎక్కుతుంది. పైగా సౌత్ రిమ్ 7,000 అడుగుల ఎత్తున ఉంది. బీపీ, ఆయాసం ఉన్నవాళ్లకు అక్కడి గాలి అలవాటు కావడానికి కాస్త సమయం పడుతుంది. నిదానం కావలసింది ముఖ్యంగా వాళ్లకే.

వయసులో ఉన్నవాళ్ల హడావుడి ఇంకో రకం. ఒకే రోజులో నది దాకా దిగి పైకి వచ్చేస్తామంటారు. పార్కు సిబ్బంది ఏళ్ల తరబడి వద్దని హెచ్చరిస్తున్న పని అది. వేసవిలో లోయ అడుగున వేడి 40 డిగ్రీలు దాటుతుంది, దిగిన సమయానికి రెండింతలు ఎక్కడానికి పడుతుంది. సౌత్ కైబాబ్ దారిలో ఊ ఆ పాయింట్ 0.9 మైలే. పొద్దున్నే అక్కడిదాకా దిగి రండి, చాలు.

మరి ఎలా వెళ్లాలి? వేగాస్‌ను కేంద్రంగా పెట్టుకోవడం మానాలి. ఫీనిక్స్‌లో దిగితే మూడున్నర గంటలు, ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి గంటన్నర. పార్కులోనో, గేటు బయట టుసాయన్‌లోనో రెండు రాత్రులు ఉండండి. లోపలి లాడ్జీలకు 13 నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, రద్దయిన గదులు మధ్యమధ్యలో దొరుకుతుంటాయి. బండికి కొన్న టికెట్ 7 రోజులు చెల్లుతుంది, దాన్ని మూడు గంటలకు ఖర్చుపెట్టకండి. ఎదుట కనిపిస్తోంది కదా అని నార్త్ రిమ్‌ను అదే రోజుకు తగిలించొద్దు. గాలిలో పది మైళ్లే గానీ రోడ్డు మీద 200 మైళ్లు దాటుతుంది, అక్కడి పాత లాడ్జి 2025 జులైలో కార్చిచ్చుకు కాలిపోయింది. యాంటిలోప్, హార్స్‌షూ బెండ్, జయాన్, బ్రైస్ అన్నీ నాలుగు రోజుల్లో కుక్కే పట్టికలోంచి రెండు పేర్లు కొట్టేస్తే ఈ రెండు రాత్రులు దొరుకుతాయి.

నిజంగానే ఒక్కరోజే ఉంటే ఈసారి గ్రాండ్ కాన్యన్‌కు వెళ్లొద్దు. వేగాస్‌కు అరగంటలో రెడ్ రాక్ కాన్యన్, గంటలో వేలీ ఆఫ్ ఫైర్ ఉన్నాయి. రెండింటిలోనూ ఎర్రరాయి ఉంది, నడవడానికి చిన్న దారులున్నాయి. రెడ్ రాక్ లోపలి దారికి అక్టోబరు నుంచి మే దాకా వేళ ముందే బుక్ చేసుకోవాలి. పొద్దున్నే వెళ్లి, తీరిగ్గా తిరిగి, అమ్మానాన్నల్ని మధ్యాహ్నం భోజనానికి హోటల్‌కు తీసుకురావచ్చు.