చట్టంలో లేని 'ఓన్లీ'

తలకి కట్టు కట్టించుకుని స్టేషన్‌కి పోయిన మనవాడితో మొదట అనే మాట ఏంటి? "ఇది కేవలం గట్టు తగాదా గదరా, మధ్యలో కులం ఎందుకు తెస్తావ్?" కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు మాదిగలను చంపారు. గొడవ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితులను చంపారు. గొడవ సినిమాహాల్లో కాలు తగలడంతో మొదలైంది. మొదలైన చోటు చెప్పి మూలాన్ని దాచేస్తారు. చెరువులు, గట్లు, సినిమాలు... ఈ దేశంలో కులం తప్ప అన్నీ మనల్ని చంపుతాయి!

'కేవలం' అన్న మాటకి ఇంగ్లీషులో 'ఓన్లీ' అంటారు. చిన్న బడిపిల్లలకే నేర్పే మాట. తెలుగులో దాని పని చెయ్యడానికి ఒక్క దీర్ఘం చాలు. 'మాదిగోళ్ళమైనందుకు కొట్టారు' అంటే కులం కూడా ఒక కారణం. 'మాదిగోళ్ళమైనందుకే కొట్టారు' అంటే, ప్లీడరు లేచి "అయితే గట్టు గొడవ లేదా?" అంటాడు. మనవాడు అబద్ధం ఆడలేక "అదీ ఉందండి" అంటాడు. అక్కడ కేసు కుంటుతుంది.

1989 అత్యాచారాల నిరోధక చట్టం మూడో సెక్షన్లో, పదేళ్ళు ఆపైన శిక్షపడే నేరం మనమీద చేస్తే యావజ్జీవం అని ఒక క్లాజు ఉంది. బాధితుడు ఎస్సీ, ఎస్టీ 'అన్న కారణం మీద' చేసి ఉండాలని మొదట రాశారు. అందులో 'ఓన్లీ' లేదు. తెచ్చి పెట్టింది కోర్టులు. మధ్యప్రదేశ్‌లో 2005లో తన పొలంలో పడ్డ గేదెల్ని తోలినందుకు ఒక దళితుణ్ణి చంపారు. ఠాకూర్ల పశువుల్ని నీ కులపోడు తోలడమేంటని గద్దించి మరీ చంపాడని ప్రాసిక్యూషన్ వాదన. 2019లో సుప్రీంకోర్టు, కులం కారణంగా మాత్రమే జరిగిందనడానికి సాక్ష్యం లేదని ఈ చట్టం కింద పడ్డ శిక్షను కొట్టేసింది. గేదెకేమో కులం తెలియదు, నిజమే. గేదెల యజమానికి కూడా తెలియదా?

2021లో కర్నూలు జిల్లా నుంచి వెళ్ళిన కేసులో అదే సుప్రీంకోర్టు వేరేగా మాట్లాడింది. బాధితురాలు పుట్టుకతో చూపులేని ఎస్సీ యువతి. ఆడది, చూపులేనిది, దళితురాలు, ఇవన్నీ కలిసే ఆమెను దెబ్బతీశాయి, కులం ఒక కారణమైనా చాలు, అదొక్కటే కారణం కానక్కర్లేదు అని కోర్టు రాసింది. మంచిమాటే. అయినా కులం సంగతికి తగిన సాక్ష్యం పెట్టలేదని ఈ చట్టం కింద శిక్ష నిలవలేదు. అత్యాచారానికి పడ్డ యావజ్జీవం నిలిచింది.

ఈ రెండూ పాత మాట ఉన్నప్పటి నేరాలు. 2016 జనవరి 26 నుంచి ఆ క్లాజు మారింది. ఎస్సీ, ఎస్టీ అని 'తెలిసి' చేస్తే చాలు. నిందితుడికి బాధితుడితోగానీ వాళ్ళ కుటుంబంతోగానీ పరిచయం ఉంటే, కులం తెలుసనే కోర్టు అనుకోవాలని ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. తెలియదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. ఒకే ఊళ్ళో పుట్టి మన వాడ ఎటుందో తెలియనివాడు ఎవడు?

ఈ సంగతి స్టేషన్లలో చాలామందికి ఎక్కలేదు, లేదా ఎక్కనట్టు నటిస్తారు. కాబట్టి కార్యకర్తలకి మేము చెప్పేది ఇది. ఫిర్యాదులో గట్టు తగాదా దాచొద్దు. ఉంటే ఉందనే రాయండి. దానితోపాటు అవతలివాడికి మన కులం ఎన్నేళ్ళుగా తెలుసో, ఎట్లా తెలుసో రాయండి. పాలేరుగా చేశామా, ఆ ఇంట్లో మనకి వేరే గ్లాసు పెట్టారా, ఇవన్నీ పనికొస్తాయి. కులం పేరుతో తిడితే ఆ తిట్టు ఉన్నదున్నట్టు, ఎవరెవరు విన్నారో వాళ్ళ పేర్లతో రాయండి. నోటితో చెప్పి రాయిస్తే, సంతకానికి ముందు చదివి వినిపించడం అధికారి విధి అని నాలుగో సెక్షన్ అంటోంది. వినిపించమనండి. మనం చెప్పని 'కేవలం' అందులో వినబడితే, అది కొట్టేయించాకే వేలిముద్ర వెయ్యండి.