గాలిపెట్టెకు మూత ఎందుకు?

యంత్రాలు ఊపిరి పీలుస్తాయన్నది కవిసమయం కాదు, లెక్కకు నిలిచే మాట. ఒక లీటరు పెట్రోలు సక్రమంగా కాలడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే ఆరు వందల బిందెలు. భద్రాచలం నుండి చర్లకు వెళ్ళి తిరిగివచ్చే మోటారుసైకిలు దారిలో వెయ్యి బిందెలకు పైచిలుకు గాలి తాగుతుందన్నమాట. ఆ గాలి ఎంత శుభ్రంగా ఉంటే ఇంజను ఆయుష్షు అంత.

ఆ గాలి మొదట చేరే చోటు, సీటు కిందనో పక్కపలక వెనుకనో దాగి ఉండే ప్లాస్టిక్ డబ్బా. అందులో ఫిల్టరు ఉంటుంది, డబ్బాకు ఒక మూత ఉంటుంది. ఆంగ్లంలో ఎయిర్‌బాక్స్ అంటారు. 'వాయుపేటిక' అని సంస్కృతీకరించవచ్చును గాని, ఆ మాట పట్టుకొని మెకానిక్కు వద్దకు వెళితే అతడు మన ఆరోగ్యం విచారిస్తాడు. అతని నోట అది 'ఫిల్టరు డబ్బా'. నేను గాలిపెట్టె అంటాను. నా వాదమంతా దాని మూతను గురించే.

విదేశాలలో ఇసుకలోను, బురదలోను తిప్పే నాలుగు చక్రాల క్వాడ్ బైకులున్నాయి. వాటి ఔత్సాహికులలో కొందరు గాలిపెట్టె మూతను పూర్తిగా తీసివేస్తారు. కొందరు దానికి రంధ్రాలు చేస్తారు. మరికొందరు మూతకు బదులు జల్లెడవంటి వస్త్రం బిగిస్తారు. గాలి ఎక్కువగా చొరబడితే శక్తి పెరుగుతుందని వారి తర్కం. మన అడవి అంచున క్వాడ్ బైకులు అరుదు. ఇక్కడ వాటి పనంతా నూరు, నూటయాభై సీసీల మామూలు బండ్లే చేస్తున్నాయి. అయితే క్వాడ్ బైకుల వీడియోలు మాత్రం అందరి చేతిలోనూ ఉన్నాయి. వాటిని చూసి మన కుర్రవాళ్ళు మూతలు ఊడదీస్తున్నారు.

ఎదుటివారి వాదాన్ని న్యాయంగా చెప్పాలి. పందెపు బండికి మూత తీసి, దానికి తగ్గట్టు కార్బురేటరులో పెద్ద జెట్టు వేసి, ప్రతి పరుగు తర్వాత ఫిల్టరు కడిగి నూనె పట్టించేవానికి కొంత లాభం ఉండవచ్చు. ఈ మూడింటిలో మొదటిది ఒక్కటే చేస్తే ఏమవుతుంది? గాలి పెరిగి, దానికి సరిపడా పెట్రోలు అందక ఇంజను వేడెక్కుతుంది. 2020 ఏప్రిల్ నుండి వచ్చిన బీఎస్-6 బండ్లలో పెట్రోలు పాళ్ళను కంప్యూటరు సరిచూస్తుంది కదా అనవచ్చు. దాని సర్దుబాటుకూ ఒక హద్దు ఉంది. పైగా దుమ్మును ఆపడం కంప్యూటరు పని కాదు.

మరి మూత తీయగానే బండి గర్జిస్తుందే, అది శక్తి కాదా? కాదు. లోపలికి దూసుకుపోయే గాలి చప్పుడును అణచడం గాలిపెట్టె చేసే పనులలో ఒకటి. మూత తీస్తే ఆ చప్పుడు బయటికి వినిపిస్తుంది. తెలుగు పండితుని భాషలో చెప్పాలంటే, అక్కడ శబ్దం పెరిగింది, అర్థం పెరగలేదు.

ఇక మన దుమ్ము సంగతి. వేసవిలో తునికాకు సేకరణ కాలానికి మొరం బాటలు పిండి పిండి అవుతాయి. మణుగూరు, ఇల్లందు ప్రాంతాల్లో బొగ్గు గనుల దుమ్ము. ఇసుక లారీలు తిరిగే చోట ఇసుక దుమ్ము. వరద తెచ్చే ఒండ్రు వేరు. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అటువంటి వరద తీశాక బాటలపై మిగిలే ఒండ్రు ఎండితే విభూతి కన్న మెత్తన. ఇసుకలోని సిలికా ఇంజను లోపలి ఇనుము కన్న గట్టిది. అది ఇంజనాయిలుతో కలిస్తే సానపట్టే ముద్దగా మారి పిస్టను రింగులను, సిలిండరు గోడలను అరగదీస్తుంది. ఆపై బండి నీలిపొగ వదులుతుంది, ఆయిలు తాగుతుంది. బోరు పని చేయించడానికయ్యే ఖర్చుతో ఎన్నో ఫిల్టర్లు కొనవచ్చు.

వర్షాకాలంలో శత్రువు మారుతుంది. వంతెన లేని వాగులలో బండి దింపక తప్పని ఊళ్ళు ఇంకా ఉన్నాయి. నీటిని గాలివలె నొక్కలేము. సిలిండరులోకి నీరు చేరితే పైకి వచ్చే పిస్టను దానిని నొక్కలేక, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్టు చేయరాదు. ఒడ్డుకు తోసి, స్పార్కు ప్లగ్గు ఊడదీసి, నీరంతా వెళ్ళేదాకా కిక్కు కొట్టాలి, ఫిల్టరు మార్చాలి. మూతలేని గాలిపెట్టెకు ఎగజిమ్మిన నీళ్ళే చాలు, మునగనక్కరలేదు.

కనుక మూతను ఎంచుకొనేటప్పుడు ఈ నేలకు తగ్గదా కాదా అన్నదే చూడాలి. నా సలహాలు ఇవి. రంధ్రాలు లేని, బండితో వచ్చిన మూతే ఉత్తమం. పగిలితే అదే నమూనాది కొనండి, టేపు చుట్టవద్దు. గాలి పీల్చే గొట్టపు నోరు ఎంత ఎత్తున, చక్రానికి ఎంత దూరాన ఉంటే అంత మేలు. మూత అంచున ఉండే రబ్బరు ప్యాకింగు ఎండి చిట్లితే మార్చాలి. ఆ సందు వెంట్రుకవాసి అయినా దుమ్ముకు సింహద్వారమే. స్క్రూలను ఒక మూల, దాని ఎదుటి మూల వరుసలో కొద్దికొద్దిగా బిగించాలి. బలం చూపితే ప్లాస్టిక్ మర చెడుతుంది. స్పంజి ఫిల్టరును కడిగి ఆరబెట్టి నూనె పట్టించవచ్చు. కాగితం ఫిల్టరును కడగరాదు. పాత గుడ్డలు చుడితే తడిసినప్పుడు బండికి ఊపిరాడదు. డబ్బా అడుగున నీరు పోయే చిన్న గొట్టం మూసుకుపోకుండా చూడాలి.

బిగింపు సరిపోయిందో లేదో తెలుసుకొనే పరీక్ష సులభం. ఫిల్టరు దాటాక గాలి వెళ్ళే గొట్టం లోపల పలుచగా గ్రీజు రాయండి. వారం తర్వాత వేలితో తుడిచి చూడండి. వేలికి గరుకు తగిలిందా, దుమ్ము దొంగదారిన వస్తున్నట్లే.

ఇంత చిన్న మూతకు ఇంత వ్యాసమా అని మీరనవచ్చు. అడవిలో మోటారుసైకిలు విలాసం కాదు. ఈనాటికీ కొన్ని గూడేల నుండి రోగిని డోలీలో మోసుకువచ్చి, బాట దొరికిన చోట బండి ఎక్కిస్తారు. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలకైనా, ఇవతల చర్ల, దుమ్ముగూడెం మండలాలకైనా ఈ అవసరం ఒక్కటే. ప్రభుత్వాలూ దీనిని గుర్తించాయి. 2021 జనవరి 18న రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ, 350 సీసీ రాయల్ ఎన్‌ఫీల్డు మీద నిర్మించిన 'రక్షిత' అనే బైకు అంబులెన్సును సీఆర్‌పీఎఫ్‌కు అప్పగించింది. కారు పోలేని దారులకోసమే అది పుట్టింది.

నడిరాత్రి నొప్పులు పడుతున్న గర్భిణిని ఎక్కించుకొన్న బండి వాగు ఒడ్డున ఆగిపోతే, చప్పుడు కోసం మూత తీసిన సరదాకు మూల్యం చెల్లించేది ఆ తల్లి. అందువల్ల నా అభిప్రాయం స్పష్టం. మూత తీయడం యువకుని సొంత వ్యవహారం కాదు, ఆ ఊరందరి వ్యవహారం. గిరిజన ప్రాంతాలకు బండ్లు కొని ఇచ్చే అధికారులు కూడా బండి ధరతో సరిపెట్టుకోక, ప్రతి బండికీ రెండు ఫిల్టర్లు, ఒక మూత, ఒక ప్యాకింగు అదనంగా ఇప్పించాలి. వేసవికి ముందొకసారి, తొలకరికి ముందొకసారి ఆ డబ్బా విప్పి చూసే బాధ్యతను ఒకరికి అప్పగించాలి.