జల్లెడ కాదు.. చేట!

మా పిన్నికి లంగ్ క్యాన్సర్. ఏడాదిగా వాడుతున్న మాత్ర పనిచేయడం తగ్గింది. ఎందుకో తెలియాలంటే కణితిలో ఏం మారిందో చూడాలి. ముందు రక్తంలో తేలే డీఎన్‌ఏ ముక్కల్ని పరీక్షించారు. ఏమీ తేలలేదు. ఇక మళ్లీ బయాప్సీయే. ఊపిరితిత్తిలోకి సూది.

"అంత రక్తం తీశారు కదరా, ఆ పాడు కణం అందులో ఒక్కటైనా ఉండదా?" అంది పిన్ని వీడియో కాల్‌లో.

ఉండొచ్చు. కణితి నుంచి ఊడిన కణాలు కొన్ని రక్తంలో తిరుగుతుంటాయి. చిక్కల్లా లెక్కతోనే. ఒక్క మిల్లీలీటరు రక్తంలో ఎర్ర కణాలు సుమారు 500 కోట్లు. తెల్ల కణాలు లక్షల్లో. క్యాన్సర్ కణాలు? చాలామందిలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. లాగ్ ఫైల్లో ఎర్రర్ లైన్ కావాలంటే నేను సెర్చ్ కొడతా. రక్తానికి ఆ సౌకర్యం లేదు.

అందుకే మైక్రోఫ్లూయిడిక్ చిప్. పేరులో చిప్ ఉంది కానీ ట్రాన్సిస్టర్లుండవు. చిన్న పలకలో వెంట్రుకంత సన్నని కాలువలు, అంతే. అంత సన్నని దారిలో ద్రవం సుడులు తిరగకుండా పాయలు పాయలుగా సాగుతుంది. మన హైదరాబాద్ రోడ్ల మీద దొరకని లేన్ డిసిప్లిన్ అక్కడ దొరుకుతుంది!

జల్లెడ పడితే పోలా అంటారా? రంధ్రాలు పూడిపోతాయి. 2004లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు వేరే దారి చూపించారు. కాలువలో బుల్లి స్తంభాలు వరుసలుగా నిలబెట్టారు. ఒక్కో వరుస ముందుదానికంటే కాస్త పక్కకి జరిగి ఉంటుంది. చిన్న కణం ప్రవాహంతో పాటు మెలికలు తిరుగుతూ మొత్తమ్మీద తిన్నగానే పోతుంది. ఒక సైజు దాటిన కణాన్ని మాత్రం ప్రతి స్తంభం కొంచెం పక్కకి నెడుతుంది. చివరికి రెండూ వేర్వేరు దారుల్లో బయటపడతాయి. ఏదీ ఎక్కడా ఆగదు.

"అంటే చేటలో చెరగడమే కదరా!" అంది పిన్ని.

అక్షరాలా అదే. "మరి రాళ్లూ బియ్యం ఒకే సైజులో ఉంటే?" అన్నాను. అసలు సమస్య అక్కడే. కొన్ని క్యాన్సర్ కణాలు తెల్ల కణాలంతే ఉంటాయి.

"ఏరతా," అంది.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వాళ్లూ అదే చేశారు. 2007లో వాళ్ల మొదటి చిప్‌లో 78,000 స్తంభాలకు యాంటీబాడీలు పూసి, క్యాన్సర్ కణాలు అతుక్కునేలా చేశారు. 2008లో అదే చిప్‌తో లంగ్ క్యాన్సర్ పేషెంట్ల రక్తంలోంచి కణాలు పట్టి, మందుకు లొంగనివ్వని జన్యు మార్పును చూడగలిగారు. పిన్నికి కావాల్సిన జవాబు అలాంటిదే. కానీ అన్ని క్యాన్సర్ కణాలూ ఆ జిగురుకి అంటుకోవు. అందుకని 2013 నాటికి రూటు తిప్పారు. స్తంభాలతో ఎర్ర కణాల్ని చెరిగేసి, తెల్ల కణాలకు అయస్కాంత పూసలు తగిలించి లాగేశారు. మిగిలిందే కావాల్సింది.

ఇంత ఉన్నా ఇది ఇంకా మామూలు పరీక్షగా మారలేదు. తీసిన ఆ కాస్త రక్తంలో ఒక్క కణం కూడా లేకపోతే ఎంత మంచి చిప్పైనా ఏం చేస్తుంది? 'కనిపించలేదు' అంటే 'లేదు' అని కాదు. అది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో మేం మొదట నేర్చుకునే పాఠం.

శుక్రవారం పిన్నికి బయాప్సీ. లీవ్ పెట్టాను.