రెండున్నరేళ్ల నేస్తాలు

ఈ నెల దుక్మ్ ఉత్తరం ఎలుకల గురించి. మీలో కొందరు ఇప్పటికే ముఖం చిట్లించి ఉంటారు. తప్పు లేదు. మన ఇళ్లలో ఎలుక కనిపించేది రెండే చోట్ల: చవితినాడు వినాయకుడి పాదాల దగ్గర, మిగిలిన రోజుల్లో బోనులో.

మన పెద్దలు ఎలుకను అసహ్యించుకున్నారంటే కారణం ఉంది. అది చెరకు గడను కొరికి పాడుచేసేది. దాని మూత్రం కలిసిన బురదలో వట్టి కాళ్లతో నిలబడి కోత కోసేవాళ్లకు ఎలుక జ్వరం పట్టుకునేది. 1899లో మారిషస్‌కు ప్లేగు వచ్చింది. మరుసటి ఏడాది ఎలుకల పని పట్టమని అక్కడ ముంగిసల్ని తెచ్చి వదిలారు. ఫిజీ తోటల్లో ఆ పని 1883లోనే చేశారు, కలకత్తా నుంచి తెప్పించి. మన ముత్తాతలను ఏ పంచదార కోసం ఓడ ఎక్కించారో, ముంగిసనూ ఆ పంచదార కోసమే ఎక్కించారు. అది పక్షుల గుడ్లూ కోడిపిల్లలూ తిని బాగా బలిసింది. ఎలుకలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

మధ్యలో ఒక మాట. ఇంగ్లీషులో ‘బ్యాండికూట్’ అంటారే, అది మన పందికొక్కే. తెలుగు మాట ఆస్ట్రేలియా దాకా పోయి, పందికొక్కుతో ఏ చుట్టరికమూ లేని ఒక సంచి జంతువుకు పేరై కూర్చుంది.

నేను పెంచేవి తోటల్లో తిరిగే ఎలుకలు కావు. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అనే ఎలుకలు పట్టేవాడు ఉండేవాడు. వింత రంగుల ఎలుక దొరికితే చంపకుండా పెంచి, పిల్లలు పెట్టించి అమ్మేవాడు. 1901లో మేరీ డగ్లస్ అనే ఆవిడ ఐల్స్‌బరీలో జరిగిన ప్రదర్శనకు తన ఎలుకల్ని తీసుకెళ్లింది. ఇంగ్లండులో వీటి కోసమే ఒక సంఘం 1976లో పుట్టింది. ఇన్ని తరాలు మనుషుల చేతుల్లో పెరిగిన జాతి ఇది. పొలంలోంచి పట్టి తెచ్చిన ఎలుకను మాత్రం ఎవరూ పెంచవద్దు.

దుక్మ్ ఎక్కడుందో కొత్త పాఠకులకు చెప్పాలి. మస్కట్‌కు దక్షిణాన సుమారు 550 కిలోమీటర్ల దూరంలో, అరేబియా సముద్రం ఒడ్డున ఉంది. ఒకప్పుడు చేపలు పట్టేవాళ్ల ఊరు. 2011లో ప్రత్యేక ఆర్థిక మండలి ఏర్పడింది. ఓడరేవు, ఓడలు బాగుచేసే డాక్, రిఫైనరీ వచ్చాయి. వాటితోపాటు అన్ని దేశాల పనివాళ్లమూ వచ్చాం. నేను వచ్చి పదకొండేళ్లయింది. వచ్చిన మొదటి ఏడాదే పక్క గదిలోని ఒక ఫిలిప్పీన్ సోదరుడు ఇంటికి తిరిగి వెళ్తూ రెండు ఎలుకల్ని నా చేతిలో పెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటికి పద్నాలుగు నా చేతుల మీదుగా వెళ్లాయి.

ఎండను తట్టుకోవడం వీటికి చాలా కష్టం. ఎలుకకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడిని తోక ద్వారా బయటికి పంపుతుంది. ముప్పై డిగ్రీలు దాటితే ఆయాసపడుతుంది. మా అదృష్టం కొద్దీ వేసవిలో సముద్రపు గాలి వీస్తుంది కాబట్టి దుక్మ్ మస్కట్ కన్నా చల్లగా ఉంటుంది. ఆ గాలితో దుమ్ము మాత్రం వస్తుంది. వీటికేమో ఊపిరితిత్తులే బలహీనం. పెంపుడు ఎలుకల్లో చాలావాటికి మైకోప్లాస్మా అనే క్రిమి పుట్టుకతోనే ఉంటుంది. దుమ్ముకీ, శుభ్రం చేయని బోనులోని మూత్రపు ఘాటుకీ అది పైకి లేస్తుంది. ముక్కు దగ్గర, కంటి దగ్గర ఎర్రటి మరక కనిపిస్తే రక్తమని హడలిపోకండి. అది కంట్లో ఊరే ఎర్రని ద్రవం. జబ్బో దిగులో ఉందని మాత్రం చెబుతుంది. గురగుర శబ్దం కూడా వస్తుంటే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నేను రెండుసార్లు మస్కట్ దాకా వెళ్లాను. నలభై రియాల్ ఖర్చు పెట్టి ఎలుకకు మందేమిటని మా గదిలోవాళ్లు నెల రోజులు నవ్వారు. అందులో ఒకాయనే ఇప్పుడు నేను సెలవు మీద వెళ్తే వాటికి ఉడికించిన గుడ్డు పెడుతున్నాడు.

ఖరీదైన సామాను అక్కర్లేదు. పాత లుంగీ ముక్కకు నాలుగు మూలలా తాడు కడితే ఊయల అవుతుంది. వేడి రోజుల్లో ఒక టైల్ ముక్క, గుడ్డలో చుట్టిన గడ్డకట్టిన నీళ్ల సీసా చాలు. కానీ ఒక్కదాన్ని తెచ్చుకోవద్దు. తోడు లేకపోతే కుంగిపోతుంది. రెండూ ఒకే లింగానివై ఉండాలి. లేకపోతే మూడు వారాలకే పదో పన్నెండో పిల్లలు పుట్టుకొస్తాయి.

ఇక అసలు కష్టం. ఎలుక బతికేది రెండు, మహా అయితే మూడేళ్లు. ఇక్కడ నా కాంట్రాక్టు రెండేళ్లది. గిర్మిట్ ఐదేళ్లు అన్నారు మన పెద్దలకు. నాది అంతకన్నా చిన్నది, దాన్నే పొడిగిస్తూ వస్తున్నాను. ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు ఆగుతుందో తెలియని చోట ప్రాణిని పెంచడం సబబేనా అని అడిగినవాళ్లున్నారు. నా పద్ధతి చెబుతాను. ఒకరోజు వీటిని తీసుకుంటానని మాట ఇచ్చే మనిషి దొరికే దాకా కొత్త జంటను తీసుకోను. నా పద్నాలుగింటిలో ఆరు అలా వెళ్లిపోయినవాళ్లు వదిలినవే. టికెట్ చేతికి వచ్చాక, ముందు రోజు రాత్రి బోను పట్టుకుని తలుపు కొట్టేవారు. వారిని ఏమీ అనను. కానీ మీరు ఆ పరిస్థితి తెచ్చుకోవద్దు.

ఫిజీ నుంచి ఒక అక్కయ్య ఉత్తరం రాశారు. తొమ్మిదేళ్ల మనవడు ఎలుకలు కావాలని పట్టుబట్టాడట. కొన్నాళ్లకే చచ్చిపోతే పిల్లవాడు తట్టుకుంటాడా అని ఆవిడ భయం. కొనివ్వండి అక్కయ్యా. కానీ కొనే రోజే చెప్పండి, వాడు ఆరో తరగతి అయ్యేసరికి ఇవి ఉండకపోవచ్చని. పిల్లలు ఆ లెక్కను మనకన్నా బాగా అర్థం చేసుకుంటారు. ఆడ ఎలుకల్లో రొమ్ము గడ్డలు తరచుగా వస్తాయి, అది కూడా దాచవద్దు. కితకితలు పెడితే ఎలుక నవ్వుతుందని, ఆ సన్నని కూత మన చెవికి అందదని పాంక్సెప్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. అది కూడా చెప్పండి, వాడికి నచ్చుతుంది. రోజూ చేతులు కడుక్కునేలా చూడండి.

పాతిపెట్టడానికి మీకు పెరడు ఉంది. ఇక్కడి నేల రాయి. నేను ప్రతిసారీ డాక్ నుంచి గునపం అడిగి తెచ్చుకోవాలి.