ప్రధానోపాధ్యాయుని కలం – మన పిల్లల హక్కు

ములుగు 2019 ఫిబ్రవరి 17న ప్రత్యేక జిల్లాగా అవతరించింది. దూరపు జిల్లా కార్యాలయాల చుట్టూ తిరిగిన తల్లిదండ్రులకు జిల్లా కేంద్రం దగ్గరైంది. అయినా ఏటూరునాగారం, మంగపేట వంటి అటవీ ప్రాంత మండలాల్లో సామాన్య కుటుంబానికి ప్రభుత్వమంటే ముందుగా గుర్తొచ్చేది బడి. బడిలో ప్రధానోపాధ్యాయుని గది. ముస్లింలు అల్పసంఖ్యలో, చెదురుమదురుగా నివసించే చోట ఆ గదిలో జరిగే పనే మన హక్కులకు తొలి మెట్టు.

ప్రవేశ రిజిస్టరునే చూడండి. బిడ్డ పేరు ఒకచోట 'షేక్', మరొకచోట 'షేఖ్' అవుతుంది. తల్లి పేరు చివర 'బీ' ఆధార్‌లో 'బేగం'గా మారుతుంది. కులం గడిలో 'ముస్లిం' అని మాత్రమే రాసి వదిలేస్తారు. 2007 నాటి చట్టం వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. దూదేకులవారు బీసీ-బిలో ఉన్నారు. ఏ వర్గమో సరిగా నమోదు కాకపోతే, తహసీల్దారు కార్యాలయంలో ధ్రువపత్రం కోసం అడిగిన రోజున ఆ ఒక్క గడే అడ్డుగోడ కాగలదు. పదో తరగతి నామినల్ రోల్స్ వెళ్లిన తర్వాత దిద్దుబాటు మరింత కష్టం.

ఉపకారవేతనాల సంగతీ అంతే. కేంద్రం 2022-23 నుంచి మైనారిటీ ప్రీమెట్రిక్ ఉపకారవేతనాన్ని 9, 10 తరగతులకే పరిమితం చేసింది. దరఖాస్తును పాఠశాల స్థాయిలో పరిశీలించి ధ్రువీకరించకపోతే ఉపకారవేతనం అందదు. గడువులోగా ఆ పని పూర్తి చేయడం ప్రధానోపాధ్యాయుడు చూపే దయ కాదు, ఆయన విధి.

న్యాయంగా మరొక మాటా చెప్పాలి. స్కూల్ అసిస్టెంటుగా ఏళ్ల తరబడి బోధించి పదోన్నతి పొందిన గెజిటెడ్ ప్రధానోపాధ్యాయునిపై మధ్యాహ్న భోజనం మొదలు ఆన్‌లైన్ నివేదికల వరకు అన్నీ మోపుతున్నారు. తెలంగాణలో మండల విద్యాధికారి బాధ్యత కూడా అనేకచోట్ల వారికే అదనంగా అప్పగించారు. రెండు కుర్చీల్లో ఒకరిని కూర్చోబెట్టి రెండు పనులూ సక్రమంగా జరగాలనుకోవడం సమంజసం కాదు. మండల విద్యాధికారి పోస్టుల్లో పూర్తికాలపు అధికారులను నియమించాలనీ, బడులకు కార్యాలయ సిబ్బందిని ఇవ్వాలనీ ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

అంతవరకు మనం చేతులు ముడుచుకుని కూర్చోరాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులూ సంరక్షకులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలి. బలహీన వర్గాలకూ, అణగారిన సమూహాలకూ తగిన ప్రాతినిధ్యం ఇవ్వాలి. ఆ కమిటీ ఎన్నికకు మన తల్లులు వెళ్తున్నారా? వెళ్లినవారు నోరు విప్పుతున్నారా? ఆత్మపరిశీలన చేసుకోవాలి.

బడులు తెరిచే జూన్‌లో ప్రతి కుటుంబమూ ఆధార్, జనన ధ్రువపత్రం వెంట తీసుకెళ్లి, రిజిస్టరులో బిడ్డ పేరు, పుట్టిన తేదీ, వర్గం స్వయంగా సరిచూసుకోవాలి. చదువు రాని తల్లిదండ్రులకు మన యువజనులు తోడు వెళ్లాలి. ప్రధానోపాధ్యాయుణ్ణి ప్రత్యర్థిగా కాక బాధ్యుడిగా చూసి, మర్యాదగా, పట్టు విడువక అడగాలి. చట్టం ఇచ్చిన హక్కు బిడ్డ చేతికి చేరేది ఆ రిజిస్టరు పుట మీదుగానే.