అకామా మీద ఎవరి పేరు?

గల్ఫ్‌లో ఒక రాజు ఇంకో రాజును దించితే ఆ కబురు మన జిల్లాకు రెండు రకాలుగా చేరుతుంది. టీవీలో అయితే ‘సంస్కరణల యువరాజు’, ‘అవినీతిపై యుద్ధం’ అని పెద్ద అక్షరాలు పడతాయి. అక్కడున్న బంధువు పంపే వాట్సాప్ వాయిస్‌లో అంత హడావుడి ఉండదు. ‘‘అకామా ఫీజు పెంచుతారంట, చూడాల’’ అన్నంతవరకే ఉంటుంది. అకామా అంటే అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కాగితం. ముద్దనూరు చుట్టుపక్కల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల దారుల్లో ఇలాంటి వాయిస్‌లు వినే ఇళ్లు చాలానే ఉన్నాయి. రాజంపేట, రాయచోటి వైపు పోతే ఇక చెప్పనక్కర్లేదు. టీవీ చర్చల కన్నా ఆ వాయిస్‌లోని అనుమానమే నాకు గట్టిదనిపిస్తుంది. గద్దె మీద ఎవరు కూర్చున్నారు, ఎవరిని లోపల వేశారు అన్నది తర్వాతి సంగతి. కింద పనిచేసే మనిషి చేతికి కొత్తగా ఏం వచ్చింది? దానికి జవాబు లేనప్పుడు సంస్కరణ అనే మాట వాడకూడదని నా వాదన.

ముందు సౌదీ సంగతి చూద్దాం. 2017 నవంబరు 4న రాజు సల్మాన్ ఒక అవినీతి నిరోధక కమిటీని వేశారు. దానికి అధ్యక్షుడు ఆయన కొడుకు, యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్. కమిటీ పుట్టిన కొన్ని గంటల్లోనే రాకుమారులు, మంత్రులు, కోటీశ్వరులు అరెస్టయ్యారు. వాళ్లను పెట్టింది రియాద్‌లోని రిట్జ్ కార్ల్‌టన్ హోటల్లో. అంతకు కొద్ది రోజుల ముందే దేశదేశాల పెట్టుబడిదారులతో సదస్సు జరిగిన హోటల్ అది. ప్రపంచ కుబేరుల్లో ఒకరైన అల్‌వలీద్ బిన్ తలాల్‌కూ అక్కడే బస తప్పలేదు. అదే రాత్రి నేషనల్ గార్డ్ అధిపతి మితెబ్ బిన్ అబ్దుల్లా పదవి ఊడింది. అంతకు ముందు జూన్‌లోనే మహమ్మద్ బిన్ నయెఫ్‌ను పక్కకు తప్పించి బిన్ సల్మాన్ యువరాజయ్యారు. సైన్యం, హోం శాఖ, నేషనల్ గార్డ్ అంతవరకు రాజకుటుంబంలో వేర్వేరు శాఖల చేతుల్లో ఉండేవి. ఆ ఏడాది చివరికి మూడూ ఒకే పిడికిట్లోకి వచ్చాయి.

400 బిలియన్ రియాళ్లకు పైగా ఆస్తులు వెనక్కి రాబట్టామని 2018 జనవరిలో ప్రభుత్వం ప్రకటించింది. ఎవరు ఏం తిన్నారో, ఎవరు ఎంత కక్కారో మాత్రం బయటికి చెప్పలేదు. బహిరంగ విచారణ లేదు. చాలామంది ‘సెటిల్‌మెంట్’ చేసుకుని ఇళ్లకు పోయారు. సెటిల్‌మెంట్ అంటే ఏమిటో సీమలో ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. బలమున్నవాడు గదిలో కూర్చోబెట్టి రాయించుకునేదే. అందులో న్యాయం ఉండొచ్చు, ఉండకపోవచ్చు. బయట ఉన్నవాడికి తెలుసుకునే దారి మాత్రం ఉండదు.

అలాగని అక్కడ ఏమీ మారలేదంటే అబద్ధమాడినట్టే. మత పోలీసులకు అరెస్టు చేసే అధికారం 2016లోనే తీసేశారు. 2018 ఏప్రిల్‌లో, మూడు దశాబ్దాలకు పైగా మూతపడ్డ సినిమా హాళ్లు తెరుచుకున్నాయి. ఆ జూన్ 24 నుంచి ఆడవాళ్లు కారు నడుపుతున్నారు. ఉద్యోగాల్లోకి లక్షలాది మహిళలు వచ్చారు. అక్కడి ఆడపిల్లకు ఇవి చిన్నవి కావు.

కానీ కారు నడిపే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడిన లౌజైన్ అల్ హత్‌లౌల్‌కు ఏమైంది? నిషేధం ఎత్తేయడానికి కొన్ని వారాల ముందు, 2018 మే నెలలో, ఆమెను అరెస్టు చేశారు. ఉగ్రవాద కేసులు చూసే కోర్టులో శిక్ష వేశారు. 2021 ఫిబ్రవరిలో వదిలినా దేశం దాటనివ్వలేదు. స్టీరింగ్ మీరు అడిగితే రాలేదు, మేం ఇస్తే వచ్చింది అని పాలకుడు దేశానికంతా చెప్పిన తీరు అది. ఇచ్చినదాన్ని తీసుకోవచ్చు గాని అడగకూడదు అన్నచోట, రేపు వెనక్కి లాక్కున్నా అడిగేవాడు ఉండడు. 2018 అక్టోబరు 2న పత్రికా రచయిత జమాల్ ఖషోగ్గి ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లోకి పోయి ప్రాణాలతో బయటికి రాలేదు.

మన జిల్లాకు సౌదీ కన్నా కువైటే దగ్గర. అక్కడ ఇలాంటి ఘట్టమే 2024 మే 10న జరిగింది. అమీర్ మిషాల్ అల్ అహ్మద్ అల్ సబా పార్లమెంటును రద్దుచేసి, రాజ్యాంగంలోని కొన్ని అధికరణాలను నాలుగేళ్లకు మించకుండా నిలిపేశారు. ఏప్రిల్ 4న ఎన్నికైన సభ ఒక్కసారి కూడా కూర్చోలేదు. గల్ఫ్ రాచరికాల్లో కువైట్‌ది ప్రత్యేకమైన కథ. 1962 నాటి రాజ్యాంగం, 50 మంది ఎన్నికైన సభ్యులు, మంత్రిని నిలబెట్టి కడిగేసే హక్కు. 1976లో, 1986లో కూడా సభకు తాళం పడింది, తర్వాత తెరుచుకుంది. ఈసారి సభను మూసినందుకు అక్కడ పెద్దగా కన్నీళ్లు కారలేదు. 2020 డిసెంబరు నుంచి 2024 ఏప్రిల్ లోపల నాలుగు ఎన్నికలు జరిగితే జనానికి విసుగెత్తదా?

మనవాళ్లకైతే బాధపడే కారణం అసలే కనిపించలేదు. 2020లో ఆ సభ కమిటీయే విదేశీయులకు కోటా పెట్టే ముసాయిదాను ఆమోదించింది. భారతీయులు జనాభాలో 15 శాతానికి మించకూడదన్నది అందులో మాట. అది చట్టమై ఉంటే దాదాపు 8 లక్షల మంది పెట్టె సర్దుకోవాల్సి వచ్చేది. ఎన్నికలొస్తే చాలు, విదేశీయులే అన్నిటికీ కారణమని తిట్టి ఓట్లు దండుకునే సభ్యులు అక్కడా ఉన్నారు. అలాంటి సభ పోతే మనకేం నష్టం, రాజే నయం కదా అనే మాట మన ఊళ్లలో వినబడుతుంది. కొట్టిపారేయాల్సిన మాట కాదది.

అయినా ఇంకో రెండు సంగతులు పక్కన పెట్టి చూడాలి. ఇంటి పనివాళ్ల కోసం గల్ఫ్‌లో అప్పటికి మెరుగైన చట్టం 2015లో చేసింది ఈ కువైట్ పార్లమెంటే. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల సెలవు ఇవ్వాలి. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోకూడదు. మరుసటి ఏడాది కనీస జీతం 60 దినార్లని తేల్చారు. అమలు సగంసగమే. అయినా ఇంటి పనికిచ్చే ఖాదిమ్ వీసా మీద పోయిన మన ఆడబిడ్డ ఎంబసీ గడప ఎక్కినప్పుడు చూపించడానికి ఆ చట్టమన్నా ఉంది. మనల్ని తరిమేయాలన్న నోళ్లున్న సభే మన పనివాళ్లకు సెలవు రాసింది. ఎందుకంటే సభలో నలుగురు తిట్టేవాళ్లుంటే ఇద్దరు ఒప్పించేవాళ్లకూ చోటుంటుంది.

రెండోది ఆడవాళ్ల ఓటు. 1999లో సభ లేని సమయం చూసి అప్పటి అమీర్ జాబెర్ ఫర్మానా ద్వారా మహిళలకు ఓటు హక్కు ఇచ్చారు. కొత్త సభ రాగానే దాన్ని ఆ ఏడాదే తోసిపుచ్చింది. ఆరేళ్లు కొట్లాడాక 2005 మే నెలలో అదే సభ ఓటు వేసి ఆ హక్కును చట్టం చేసింది. దాన్ని ఆ తర్వాత ఏ సభా తీసేయలేదు. చివరికి 2024లో ఓటు వేసే సభే లేకుండా పోయింది. అది చేసింది ఫర్మానా.

సభకు తాళం వేశాక ఏం జరిగిందో కూడా చూడాలి. మంచి ఉంది. పరువు పేరుతో ఆడదాన్ని చంపినవాడికి తక్కువ శిక్ష వేసే సెక్షన్‌ను 2025లో ఎత్తేశారు. పెళ్లి వయసు 18కి పెంచారు. ఏళ్ల తరబడి సభలో ఆగిపోయిన రుణ చట్టాన్ని తెచ్చారు. అదే సమయంలో పదుల వేల మంది పౌరసత్వం రద్దయింది. అందులో చాలామంది కువైటీ మగవాళ్లను పెళ్లి చేసుకుని దశాబ్దాల కింద పౌరులైన ఆడవాళ్లు. పొద్దున లేచేసరికి బ్యాంకు ఖాతా ఆగిపోతే ఎవరిని అడగాలి?

మనవాళ్ల వంతు 2025 జులై 1న వచ్చింది. ప్రైవేటు కంపెనీల్లో పద్దెనిమిదో నంబర్ వీసా మీద పనిచేసేవాళ్లు దేశం దాటాలంటే ఎగ్జిట్ పర్మిట్ తీసుకోవాలన్నారు. అర్జీ ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. యజమాని సరే అంటేనే పర్మిట్. ఇంట్లో అమ్మకు సీరియస్‌గా ఉందని ఫోనొస్తే టికెట్ డబ్బు చేతిలో ఉన్నా చాలదు, మేనేజరు ఆ రోజు ఫోను చూడాలి. ఖతార్ 2018 నుంచి సడలిస్తూ వచ్చిన కట్టు ఇది. సౌదీ కూడా 2021లో కంపెనీ ఉద్యోగులకు తీసేసింది. కువైట్ దాన్ని కొత్తగా వేసింది. సభ ఉన్న రోజుల్లో ఇలాంటిదానిపై కనీసం ఒక సభ్యుడు లేచి ఇదేమిటని అడిగే వీలుండేది. ఇప్పుడు ఉత్తర్వు రావడం, అమలు కావడం రెండూ ఒకటే.

మన నేల మీదే జరిగిన ఒక మార్పు ఇక్కడ గుర్తుకొస్తుంది. 1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. కోటలూ బంట్లూ పెట్టుకుని ఊళ్ల మీద పడే దాదాపు 80 మంది పాలెగాళ్లను ఏడేళ్లలో అణిచేశాడు. అణిచింది రైతు మీద ప్రేమతోనా? పన్ను మధ్యలో ఆగకుండా నేరుగా కంపెనీ ఖజానాకు చేరాలని. ఆ పన్ను ఎంత బరువంటే, దాన్ని నాలుగో వంతు తగ్గించాలని 1807లో మన్రోయే పైవాళ్లకు రాయాల్సి వచ్చింది. వాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. అయినా సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారని చెప్పుకుంటారు. కారణం ఒక్కటే. రైతు చేతికి తన పేరున పట్టా వచ్చింది. ఏ చేను ఎవరిది, ఎంత కట్టాలి అన్నది దాంట్లో రాసి ఉంటుంది. అంతకు మించి వసూలు చేయబోతే కచేరీకి పోయి చూపించుకోవచ్చు. పాలెగాడు పోవడం వల్ల మాత్రమే రైతు బతుకు మారలేదు. మారినంత మేర ఆ కాగితం వల్ల మారింది. మారనిది అంతా, పన్ను వేసేవాడిని అడిగే చోటు లేకపోవడం వల్ల మిగిలిపోయింది.

కంపెనీ దొరకూ అమీర్‌కూ పోలిక పూర్తిగా కుదరదు, నాకూ తెలుసు. కానీ పైన ఒక పెద్ద శక్తి చిన్న శక్తుల్ని మింగేసినప్పుడు కింద వాడికి ఏం మిగిలిందో కొలవడానికి అదే గజం పనికొస్తుంది. అరబ్బు దేశంలో మనవాడి చేతిలో ఉండే కాగితం అకామా. దాంట్లో కఫీల్ పేరు ఉంటుంది, అంటే మనవాడికి పూచీ ఉండే యజమాని పేరు. కఫీల్ కాదంటే మనిషి రాత్రికి రాత్రి కాగితాల్లేని ‘ఖల్లివల్లి’ అయిపోతాడు. జీతం ఎగ్గొట్టినవాడి మీద కేసు ఉండదు, జీతం రాక పారిపోయినవాడి మీద ఉంటుంది. తర్వాత ఏదో ఏడాది క్షమాభిక్ష అంటారు. 2018లో అన్నారు, 2024లో అన్నారు. పాపం, మనవాళ్లు ఊరికి పోవడానికిచ్చే ఔట్‌పాస్ కోసం ఎంబసీ ముందు ఎండలో నిలబడి, చేయని తప్పుకు క్షమాపణ తీసుకుని ఇంటికొస్తారు.

సౌదీ 2021 మార్చిలో చేసిన మార్పు నిజంగా పెద్దదే. ఒప్పందం పూర్తయితే యజమానిని అడక్కుండా ఉద్యోగం మారొచ్చు, ఊరికి పోయి రావొచ్చు. కానీ అందులో చేర్చనిది ఎవరినో చూడండి: ఇంటి డ్రైవర్లు, ఇంటి పనివాళ్లు, కాపలాదారులు, తోటమాలులు, గొర్రెల కాపర్లు. మన జిల్లా నుంచి పోయేవాళ్ల పనుల పట్టిక రాయమంటే ఇంతకన్నా బాగా రాయలేం. ‘కఫాలా రద్దు’, అంటే కఫీల్ పద్ధతి పోయిందని, వాట్సాప్‌లో పోస్టు వచ్చినప్పుడల్లా ఇంటి డ్రైవరు అందులో ఉన్నాడా లేడా అని చూడండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

కువైట్‌లో పార్లమెంటు రద్దయిన నెల రోజులకే, 2024 జూన్ 12న, మంగాఫ్‌లో కార్మికుల భవనం అంటుకుంది. 50 మంది చనిపోతే 45 మంది భారతీయులు, అందులో ముగ్గురు మన రాష్ట్రం వాళ్లు. అక్కడి మంత్రి వెంటనే వచ్చారు, యజమానుల దురాశ అన్నారు, అరెస్టులు చేయించారు, కిక్కిరిసిన భవనాల మీద దాడులు చేయించారు. ఎవరినీ అడగక్కర్లేని పాలనకు ఆ వేగం ఉంటుంది, కాదనను. మరి అదే వేగంతో, ఇరుకు గదిలో ఉన్నవాడు ఫిర్యాదు చేస్తే ఉద్యోగం పోదన్న ఒక్క రూలు రాయొచ్చు కదా? విదేశీయుడు కార్మిక సంఘం పెట్టుకోవచ్చనో, అందులో పోటీ చేయొచ్చనో అనొచ్చు కదా? శిక్ష పైనుంచి వేగంగా వస్తుంది. హక్కు దగ్గరికి వచ్చేసరికే ఆ వేగం కనిపించదు.

ఇక మన ప్రభుత్వాలు. 2021 జూన్‌లో ఇంటి పనివాళ్ల విషయమై భారత్, కువైట్ మధ్య ఒప్పందం జరిగింది. 2024 డిసెంబరులో ప్రధాని కువైట్ వెళ్లారు, 43 ఏళ్ల తర్వాత భారత ప్రధాని అక్కడ అడుగుపెట్టడం అదే. కార్మికుల క్యాంపుకూ పోయారు. ఆరు నెలలు తిరిగేసరికి ఎగ్జిట్ పర్మిట్ వచ్చింది. కువైట్‌లో భారతీయులు దాదాపు 10 లక్షలు, ఆ దేశ జనాభాలో ఐదో వంతు. అంత బలం ఉన్న దేశం పర్మిట్ గురించి బహిరంగంగా ఒక మాట అడగకపోతే, అక్కడి రాజు మారినా మన ఢిల్లీ మారలేదనుకోవాలి. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎడారిలో చిక్కుకున్న ఒక్కో మనిషిని వీడియో చూసి తెప్పిస్తున్నారు. మంచిదే. కానీ వీడియో తీసుకునే ఫోను లేనివాడి సంగతి? ఒప్పందంలో రాసుకోవాల్సినదాన్ని దయగా పంచుతుంటే, రాజు చేసే పనీ మనం చేసే పనీ ఒకటే అవుతుంది.

కువైట్ గడువు 2028 మేతో తీరుతుంది. అప్పుడు సభ తెరుస్తారా, ఇంకో ఫర్మానా తెస్తారా అన్నది అక్కడి జనం తేల్చుకోవాల్సిన సంగతి. మనం అడగాల్సినవి మూడున్నాయి. ఎగ్జిట్ పర్మిట్ తీసేయాలి. ఇంటి పనివాళ్లకు కూడా యజమాని అనుమతి లేకుండా పని మారే హక్కు ఇవ్వాలి. జీతం కేసు తేలేదాకా పారిపోయాడన్న కేసు నడవకూడదు. ఈ మూడూ వచ్చిన రోజు ఆ పాలకుణ్ని సంస్కర్త అనడానికి నాకు అభ్యంతరం లేదు. రాకుంటే, ఎంతమంది రాకుమారుల్ని హోటల్లో బంధించినా అది అన్నదమ్ముల ఆస్తి తగాదాయే, మనకు సంబంధం లేనిది.